కింగ్ స్పీచ్ గోడ అవతల నుంచి వింటే శాక్సఫోన్ లాగా ఉంది, నాకొక్కడికేనా?

రెండో_కాఫీ | ఆదివారం ఉదయం 10:12

మా పాపకి స్కూల్లో ఎలక్యూషన్ ఉంది, మార్టిన్ లూథర్ కింగ్ 1963 వాషింగ్టన్ స్పీచ్‌లో చివరి భాగం చెప్పాలంట, దాంతో వారం నుంచీ ఇంట్లో పొద్దున్నా సాయంత్రం అదే మోగుతోంది. నిన్న నేను వంటింట్లో ఉన్నా, అది గదిలో తలుపేసుకుని పెట్టుకుంది, ఇటు కుక్కరు, అటు ఎగ్జాస్ట్ ఫ్యాను, మాట ఒక్క ముక్క అర్థం కావట్లేదు. కానీ రాగం మాత్రం గోడ దాటి వస్తోంది. కింద మొదలై, ఒకచోట ఆగి, మళ్ళీ అదే మెట్టు నుంచి ఎత్తుకుని ఈసారి ఇంకాస్త పైకెళ్ళి, మళ్ళీ ఆగి... గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయా. పదేళ్ళుగా జాజ్ శాక్సఫోన్‌లో కోల్‌ట్రేన్‌నీ డెక్స్‌టర్ గోర్డన్‌నీ వింటున్న చెవి కదా, ఒక అరనిమిషం ఇది ఎవరిదో టెనర్ శాక్స్ సోలో అనే అనుకున్నా.

తర్వాత తలుపు తీసి వింటే మామూలు స్పీచే. అంటే మాటలు అడ్డొచ్చి పాటని దాచేస్తున్నాయా? మీకెవరికైనా ఇలా అయిందా, లేక నేను కాఫీ తగ్గించాలా?

పల్నాడు_పిల్లి | 10:20

పప్పు మాడిందా లేదా అది చెప్పు ముందు

రెండో_కాఫీ | 10:21

మాడింది.

బ్లూనోట్_బాబ్జీ | 10:58

కాఫీ తగ్గించక్కర్లేదు బ్రదర్, నీ చెవి కరెక్టే. ఆ స్పీచ్ సగానికి పైగా రాసిన కాగితం, అక్కడి నుంచి సోలో. నేను దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా.

ఆగస్టు 28, లింకన్ మెమోరియల్ ముందు సుమారు రెండున్నర లక్షల మంది. కింగ్ చేతిలో కాగితాలున్నాయి, క్లారెన్స్ జోన్స్ అనే లాయరు వాటి డ్రాఫ్ట్‌లో ఓ చెయ్యేశాడు. దేశం నల్లవాళ్ళకి చెల్లని చెక్కు ఇచ్చింది అనే పోలిక ఉంటుంది చూడు, అది కాగితంలోదే. కల అనే మాట మాత్రం అందులో లేదు. అంతకుముందే అదే వేదిక మీద పాడిన మహాలియా జాక్సన్ దగ్గర్లోనే కూర్చుని ఉంది, ఆవిడ ఉన్నట్టుండి "ఆ కల సంగతి చెప్పు మార్టిన్" అని అరిచింది. జోన్స్ చూస్తుండగానే కింగ్ కాగితాలు పక్కకి జరిపి, నిలబడే పద్ధతే మార్చేశాడు. పక్కనున్నాయనతో జోన్స్ ఏమన్నాడంటే, వీళ్ళకింకా తెలీదు గానీ వీళ్ళందరూ ఇప్పుడు చర్చికి వెళ్ళబోతున్నారు అని.

బ్యాండ్‌లో ఇది రోజూ జరిగేదే. పక్కవాడు ఒక ముక్క విసురుతాడు, సోలో వాయించేవాడు దాన్ని అందుకుంటాడు. తేడా ఏంటంటే ఇక్కడ విసిరింది ఆ దేశంలో అప్పటికి అందరికంటే పెద్ద గాస్పెల్ (నల్లవాళ్ళ చర్చి పాటలు) గాయని, అందుకున్నది పాస్టరు.

ఇప్పుడు ఒక చిన్న పని చెయ్యి. ఆ "ఐ హ్యావ్ ఎ డ్రీమ్" అనేది ఎనిమిది సార్లు వస్తుంది, ప్రతిసారీ దాని వెనక ఏముందో విను. జార్జియా ఎర్రమట్టి కొండలు, మిసిసిపీ ఎండ, తన నలుగురు పిల్లలు, ఇలా ప్రతిదానికీ ఒక బొమ్మ ఉంటుంది. రెండు సార్లు మాత్రం ఏ బొమ్మా ఉండదు, "టుడే" అని ఒక్క దెబ్బ కొట్టి ఆపేస్తాడు, అంతే. డ్రమ్స్ బ్రేక్ అంటామే, సరిగ్గా అదే. చెవికి ఊపిరి తీసుకునే టైమిచ్చి, జనం అరుపు కాస్త తగ్గేలోపే తర్వాతి బొమ్మ మొదలెడతాడు.

సుత్తి_వద్దు | 11:31

బాబ్జీ గారూ, చెప్పడం బాగా చెప్పారు గానీ ఈ "కాగితం పక్కన పెట్టి అప్పటికప్పుడు పుట్టించాడు" కథ నాకు మింగుడుపడదు. అదే ఏడాది జూన్ 23న డెట్రాయిట్‌లో ఆయన ఆ కల ముక్క చెప్పాడు. అంతకుముందు 1962 నవంబర్లో నార్త్ కరొలినాలో రాకీ మౌంట్ అనే ఊళ్ళో కూడా చెప్పాడు, దాని టేపు దొరికింది. మహాలియా "ఆ కల" అందంటేనే ఆవిడ ముందే విన్నదనే కదా అర్థం. మరి ఇందులో అప్పటికప్పుడు పుట్టిందేంటి? జనానికి ఏది నచ్చినా జాజ్ అని పేరు పెట్టడం ఒక ఫ్యాషనైపోయింది, వంట జాజ్, క్రికెట్ జాజ్, ఇప్పుడు ఉపన్యాసం జాజ్.

బ్లూనోట్_బాబ్జీ | 11:49

మీరిప్పుడు చెప్పిందే జాజ్ అండీ బాబూ 😄 జాజ్ శాక్స్ వాయించిన చార్లీ పార్కర్ సోలోలు వరసగా ఓ ఇరవై వినండి, అవే ముక్కలు మళ్ళీ మళ్ళీ దొర్లుతుంటాయి. చేతిలో వంద ముక్కలుంటాయి, ఏది ఎప్పుడు, దేని తర్వాత, ఎంత ఆగి అనేది మాత్రం ఆ రాత్రి తేలుతుంది. ఏమీ లేని చోట నుంచి ఊడిపడేది ఏదీ ఉండదు. ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి చెప్పిన ముక్క కాబట్టే పిలవగానే నాలుక మీదకొచ్చింది. ఇంటికి ఎవరైనా చెప్పాపెట్టకుండా వస్తే డబ్బాల్లో ఉన్నదానితోనే టిఫిన్ చేసిపెట్టే ఆవిడ ఉంటుంది చూడండి, డబ్బాలు నింపింది నిన్నయినా టిఫిన్ ఇవాళ్టిదే.

ఇంకోటి. చివర్లో "స్వేచ్ఛ గంట మోగనీ" అని కొండల పేర్లు చదువుతాడే, ఆ పద్ధతి 1952లోనే ఆర్చిబాల్డ్ కేరీ అనే షికాగో పాస్టరు రిపబ్లికన్ పార్టీ సభలో వాడాడు. దానికీ మూలం అక్కడి పిల్లలు బళ్ళో పాడుకునే దేశభక్తి పాట. జాజ్‌లో స్టాండర్డ్ అంటాం కదా, ఎవరిదో ట్యూన్, అందరూ వాయిస్తారు, ఎవడి చేతిలో పడితే వాడిదవుతుంది. కింగ్ చేతిలో ఏమైందో చూడండి. మొదట న్యూ హాంప్‌షైర్, కొలరాడో, పెద్ద పెద్ద కొండలు. తర్వాత దక్షిణానికి తిరుగుతాడు, స్టోన్ మౌంటెన్, లుకౌట్ మౌంటెన్, చిట్టచివర మిసిసిపీలో ఎలకలు తవ్విపోసినంత మట్టికుప్ప. మాట కొండ దిగుతుంటే గొంతు కొండెక్కుతోంది. రెండూ ఎదురెదురుగా. ఇది రాసుకుని చదివితే వచ్చేది కాదు.

సుత్తి_వద్దు | 11:55

ఆ కొండ దిగే సంగతి నేను గమనించలేదు. ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను.

ఆదివారం_కీబోర్డ్ | మధ్యాహ్నం 2:40

ఇప్పుడే చర్చి నుంచి వచ్చి చూస్తున్నా, ఇది మన సబ్జెక్టు కాబట్టి రాయక తప్పదు. గుంటూరు దగ్గర మా ఊరి చర్చిలో పన్నెండేళ్ళుగా కీబోర్డు నాదే. జాజ్ నాకు పెద్దగా తెలీదు గానీ మాట్లాడే మనిషి వెనక వాయించడం తెలుసు.

పాస్టర్ గారు మామూలుగా వాక్యం చెప్పేటప్పుడు శృతి ఏమీ ఉండదు, నేను చేతులు కట్టుకుని కూర్చుంటా. వేడెక్కేకొద్దీ ఆయన ప్రతి వాక్యం చివరా ఒకే స్వరం మీద వాలడం మొదలవుతుంది, ఆయనకి తెలీకుండానే. అప్పుడు పాడ్ టోన్ (మెత్తగా సాగే శబ్దం) పెట్టి వాల్యూం బాగా తగ్గించి ఎడమచేత్తో ఒక్క స్వరం వేసి చూస్తా, కలిసిందా లేదా అని. కలిస్తే కుడిచేత్తో కార్డు, అంటే కలిసి మోగే స్వరాలు, పట్టుకుంటా. ఆ తర్వాత ఆయన నా వైపు చూడరు గానీ చెవి నా దగ్గరే ఉంటుంది. ఆయన ఊపిరి తీసుకునేంత సందులో నేను కార్డు మారుస్తా, ఆయన మారిన స్వరం మీద నుంచి ఎత్తుకుంటారు. సంఘం "హల్లెలూయా" అంటే ఇద్దరం ఇంకో మెట్టు ఎక్కుతాం. కింద జనం ఆ టైముకి ఇవ్వకపోతే ఎక్కం, ఆ రోజు ప్రసంగం పావుగంట ముందే అయిపోతుంది.

ఒకసారి తొందరపడి ఆయన వాక్యం పూర్తికాకముందే కార్డు మార్చేశా. ఆయన మాట మధ్యలో ఆగి, ఏం చెప్తున్నారో మర్చిపోయి, మళ్ళీ వచనం నంబరు చదువుకుని మొదలుపెట్టారు. తర్వాత నన్నేమీ అనలేదు, నాకే రెండు ఆదివారాలు చేతులు వణికాయి.

2015లో చార్ల్‌స్టన్ చర్చిలో కాల్పుల్లో పాస్టరు పింక్నీ చనిపోతే ఒబామా వెళ్ళి మాట్లాడాడు కదా, జూన్ 26న. ఆ వీడియోలో మాటలు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతాడు, అందరూ అయిపోయిందేమో అనుకునేంత సేపు ఆగుతాడు, ఆగి పాట ఎత్తుకుంటాడు. వెనక ఆర్గన్ అతను ఏ శృతిలో ఎత్తుకున్నాడో వెతికి పట్టుకుని కలుస్తాడు, నేను ఆ వీడియోలో అతన్నే వింటా.

రెండో_కాఫీ | 2:52

కీబోర్డ్ అన్నా, ఈ పోస్టు కోసమే నేను త్రెడ్ పెట్టానేమో అనిపిస్తోంది. "ఆయన నా వైపు చూడరు గానీ చెవి నా దగ్గరే" 🙏

వెనక_వరస_సీటు | 3:30

మీరందరూ జాజ్ జాజ్ అంటున్నారు గానీ ఇది అచ్చంగా మన నెరవు కదండీ. కీర్తనలో ఒక పాదం తీసుకుని అదే సాహిత్యాన్ని పదిరకాలుగా పాడుతూ పైకి తీసుకెళ్ళడం. మనోధర్మం అని మనకి పేరు కూడా ఉంది, జాజ్ పుట్టకముందు నుంచీ ఉంది.

బ్లూనోట్_బాబ్జీ | 3:44

అమ్మా, తిరగబడి ఉంది. నెరవులో సాహిత్యం కదలదు, సంగీతం మారుతుంది. కింగ్ దగ్గర పల్లవి ముక్క దాదాపు అదే స్వరంలో కదలకుండా ఉంటుంది, దాని తర్వాత వచ్చే సాహిత్యం మారుతుంది. రిఫ్ అలాగే పనిచేస్తుంది, బ్యాండ్ అంతా ఒకే ముక్క వాయిస్తుంటే దాని మీద ఒకడు తిరుగుతాడు. ఇక్కడ రెండూ ఒక్క మనిషే చేస్తున్నాడు.

వెనక_వరస_సీటు | 3:51

సరే, అది నిజమే. కానీ అమ్మా అనక్కర్లేదు, నాకు ముప్పై నాలుగు.

పల్నాడు_పిల్లి | 3:52

😂😂😂

ఓరుగల్లు_డోలు | సాయంత్రం 5:15

మా దిక్కు ఒగ్గు కథ జూసినోళ్ళకు ఇదంత కొత్త ముచ్చటేం గాదు. కథ చెప్పేటాయన ఒక మాట అంటడు, పక్కనున్నోళ్ళు ఆ మాట తోకవట్టుకొని లేపుతరు, డోలు ఒక దెబ్బ ఏస్తది, అప్పుడు ఆయన ముందలికి వోతడు. డోలు ఆయనకు తోవ జూపిస్తదా ఆయన డోలుకు తోవ జూపిస్తడా అంటే ఎవ్వరు చెప్పలేరు. బుర్రకథల గూడ గంతే, వంతలిద్దరు లేకుంటే కథకుడు ఒక్కడు ఏం జేస్తడు, తంబూర వట్టుకొని నిలవడుడే. గంత దూరమెందుకు, రాత్రి పూట నాయనమ్మ కథ చెప్తుంటే ఊ కొట్టకుంటే ఆపేస్తుండె. "నిద్రవోయిన్రా" అని అడిగేది. ఊ కొట్టెటోడు లేకుంటే కథ నడువది, గంతే సంగతి.

సుత్తి_వద్దు | 5:40

ఊ కొట్టడం పాయింటు బాగుంది డోలన్నా.

గోంగూర_ఎన్నారై | 6:02

మన లీడర్లలో కూడా ఇలాంటి మాటకారులు బోలెడు మంది, అసలు అప్పట్లో ఎన్నికల సభల్లో మా

మోడరేటర్ | 6:10

పై పోస్టులో రెండో వాక్యం నుంచి తీసేశాను. మన పార్టీల చర్చకి వేరే సెక్షన్ ఉంది, గత నెలలో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. ఇక్కడ సంగీతం వరకే.

అట్లాంటా_అత్త | సోమవారం ఉదయం 7:25

మా ఊరి సంగతి మాట్లాడుకుంటున్నారని మా తమ్ముడు లింకు పంపాడు. నేనిక్కడికి వచ్చి పద్దెనిమిదేళ్ళు, ఇండియా నుంచి ఎవరొచ్చినా నేను తీసుకెళ్ళే మొదటి చోటు పాత ఎబనేజర్ చర్చి. కింగ్ వాళ్ళ నాన్న, అంతకుముందు అమ్మ తరఫు తాత అక్కడే పాస్టర్లు. ఇప్పుడది నేషనల్ పార్క్ వాళ్ళ చేతిలో ఉంది, లోపల చెక్క బెంచీల మీద కూర్చుంటే స్పీకర్లోంచి ఆయన ప్రసంగాల రికార్డింగ్ వస్తుంటుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ఆయన మాటలు వినడం మానేసి ఎదురు గొంతులు వినడం మొదలుపెట్టా. "వెల్" అని ఒకావిడ సాగదీస్తుంది, "మై లార్డ్" అని ఇంకెవరో, వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ అరవరు, ఆయన ఆగిన ఆ సందులోనే సరిగ్గా పడుతుంది. ఆ గొంతులు చెరిపేస్తే కింగ్ ఎందుకు అన్నిసార్లు ఆగుతున్నాడో అర్థం కాదు, నత్తి మనిషి అనుకుంటాం.

ఆ చర్చిల్లో ప్రసంగం ఎలా చెప్పాలో ఒక పాత మాట ఉంది, కింద మొదలెట్టు, మెల్లగా నడువు, పైకెక్కు, నిప్పంటించు అని. మీకు దాని అసలు రూపం వినాలనుంటే సి ఎల్ ఫ్రాంక్లిన్ ప్రసంగాలు వినండి, గాయని అరీతా ఫ్రాంక్లిన్ వాళ్ళ నాన్నగారు, డెట్రాయిట్ పాస్టరు. బ్లూస్ రికార్డులేసే చెస్ కంపెనీయే ఈయన ప్రసంగాల ఎల్పీలు కూడా వేసింది! ఈయన మొదట ప్రొఫెసర్‌లా మాట్లాడతాడు, చివరికొచ్చేసరికి మాట పాటైపోతుంది, గొంతు కావాలనే గరగరలాడిస్తాడు. ఆ గరగర విని చూడండి, ఆ తర్వాత ఏదైనా టెనర్ శాక్స్ వాళ్ళు పై స్థాయిలో కేక పెట్టించడం వినండి, ఒకే ఇంటి పిల్లలని తెలిసిపోతుంది.

సుత్తి_వద్దు | 8:10

అత్తయ్యా, మీరు చివర్లో అన్న మాట కోసమే ఎదురు చూస్తున్నా. నా అభ్యంతరం అదే. కింగ్ జాజ్ నుంచి నేర్చుకోలేదు, కింగూ జాజూ ఇద్దరూ ఆ చర్చి బెంచీ మీద నుంచే వచ్చారు. కోల్‌ట్రేన్ తాతలిద్దరూ పాస్టర్లే. జాజ్ బేస్ వాయించే మింగస్ చిన్నప్పుడు వెళ్ళిన ప్రార్థన కూటాల చప్పుడంతా తర్వాత బ్యాండ్‌లోకి తెచ్చాడు. అటు గాస్పెల్‌కి పెద్దదిక్కు అనే థామస్ డోర్సీ అంతకుముందు జార్జియా టామ్ అనే పేరుతో బ్లూస్ పియానో వాయించి, "మా రైనీ" అనే బ్లూస్ గాయని వెనక తిరిగినవాడు. రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి. కాబట్టి "స్పీచ్ జాజ్ లాంటిది" అనకండి, మేనమామ పోలిక మేనల్లుడికొచ్చింది అనండి, నేను సంతకం పెడతా.

బ్లూనోట్_బాబ్జీ | 8:14

పెట్టండి సంతకం. స్క్రీన్‌షాట్ తీసుకుంటున్నా.

కార్తీక్_ట్యూనర్ | 9:48

టాపిక్ మొదట్లో తలుపు వెనక నుంచి వినడం గురించి కదా, దానికి సైన్సు వైపు ఒక సంగతుంది. డయానా డాయిచ్ అనే ఆవిడ 1995లో తన సొంత గొంతు రికార్డింగ్ సరిచేసుకుంటూ ఒక చిన్న ముక్కని లూప్‌లో పెట్టి వదిలేసింది. కాసేపటికి గదిలో ఎవరో పాడుతున్నారు అనిపించింది, చూస్తే తన మాటే. ముక్క మారలేదు, గొంతు మారలేదు, తిరిగి తిరిగి రావడం వల్లే మాట పాటగా వినపడింది. కాబట్టి కాఫీ అన్న విన్నది భ్రమ కాదు, మాటలో స్వరం ఎప్పుడూ ఉంటుంది, అర్థం వైపు పరిగెత్తే మెదడు దాన్ని పట్టించుకోదు, అంతే. అర్థం తీసేస్తే (ఎగ్జాస్ట్ ఫ్యాను ఆ పని చేసింది) లేదా పదే పదే వినిపిస్తే పైకి తేలుతుంది. కింగ్ ఒక ముక్కని ఎనిమిది సార్లు అన్నప్పుడు జనం నాలుగో దానికే పాట వినడం మొదలుపెట్టి ఉంటారని నా అనుమానం.

ఎర్ర_జెండా_ఎండ | 11:20

ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటా. ఇదే టెక్నిక్ తో విషం కూడా పోస్తారు. లయ బాగుంటే జనం ఏం చెప్పినా ఊ కొడతారు, గత శతాబ్దం యూరప్ చూశాం కదా. సంగీతం ఉంది కాబట్టి గొప్ప ఉపన్యాసం అనుకోవద్దు.

అట్లాంటా_అత్త | 11:41

నిజమే బాబూ. కానీ ఆ యూరప్ సభల రికార్డింగుల్లో జనం అందరూ ఒకే మాట ఒకేసారి అరుస్తారు, కవాతు లాగా. ఎబనేజర్లో ఒక్కొక్కరిది ఒక్కో గొంతు, ఒక్కో టైము. చెవికే తెలుస్తుంది తేడా.

రెండో_కాఫీ | రాత్రి 9:30

అందరూ చెప్పినవి ఇవాళ బస్సులో వరసగా విన్నా. కోల్‌ట్రేన్ "అలబామా" చాలాసార్లు విన్నదే, కానీ ఇవాళ వేరేలా వినపడింది. 1963 సెప్టెంబర్ 15న బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపేశారు, వాళ్ళలో ముగ్గురి అంత్యక్రియల్లో కింగ్ మాట్లాడాడు, రెండు నెలలకి నవంబర్ 18న కోల్‌ట్రేన్ ఇది రికార్డు చేశాడు. మొదట తాళం ఉండదు, కింద పియానో ఒక్కటే ఉరుముతుంటుంది, దాని మీద శాక్స్ ఒక వాక్యం అని ఆగుతుంది, ఇంకో వాక్యం అని ఆగుతుంది. స్వరాలు కాదు, వాక్యాలే, కామాలూ ఫుల్‌స్టాపులూ వినపడుతున్నాయి. మరుసటి ఏడాది "ఎ లవ్ సుప్రీమ్" చివరి భాగంలో ఇంకో అడుగు ముందుకేశాడు, తను రాసుకున్న ప్రార్థనని మాట మాటా శాక్స్ మీద చదివాడు. ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని వింటే ఏ అక్షరం ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. కింగ్ మాటని పాట దాకా తీసుకెళ్తే ఈయన పాటని మాట దాకా తెచ్చాడు.

సీటు దొరికినా కూర్చోడం మర్చిపోయా, కండక్టర్ తిట్టాడు.

బ్లూనోట్_బాబ్జీ | 10:05

ఇక నా చివరి ముక్క, తర్వాత నోరు మూసుకుంటా. మెంఫిస్, 1968 ఏప్రిల్ 3 రాత్రి. చెత్త ఎత్తే కార్మికుల సమ్మె కోసం వచ్చాడు కింగ్. బయట గాలివాన, ఒంట్లో బాలేదు, నేను రాను నువ్వెళ్ళు అని తన స్నేహితుడు అబర్నతీని పంపాడు. అక్కడ జనం ఈయన కోసమే కూర్చున్నారని అబర్నతీ ఫోన్ చేస్తే లేచి వచ్చాడు. కాగితం లేదు. ఆ స్పీచ్ చివర వినండి. కొండ మీద నుంచి అవతలి నేల చూశాను, మీతో నేను అక్కడిదాకా రాకపోవచ్చు అంటాడు, అని ఒక పాత యుద్ధగీతం మొదటి పాదం అందుకుంటాడు, ప్రభువు రాకడ మహిమ నా కళ్ళు చూశాయి అని. ఆ పాటకి తర్వాత పాదం ఉంది, ఆ హాల్లో ప్రతి ఒక్కరికీ అది కంఠతా వచ్చు. ఈయన చెప్పడు. అక్కడే తెంపేసి వెనక్కి తిరిగి కుర్చీలో పడిపోతాడు. సా దాకా రాకుండా ని మీద వదిలేసినట్టు. ఆ మిగిలిన పాదం జనం గొంతుల్లో ఉండిపోయింది.

ఆదివారం_కీబోర్డ్ | 10:19

ఆ చోట నేనుంటే ఏ కార్డు పట్టుకునేవాణ్ణో తెలీట్లేదు బాబ్జీ గారూ. బహుశా చేతులు తీసేసేవాణ్ణి.

అట్లాంటా_అత్త | 10:33

మర్నాడు సాయంత్రం లొరైన్ మోటెల్ బాల్కనీలో నిలబడి కింద ఉన్న బెన్ బ్రాంచ్‌తో మాట్లాడాడు. ఆ రాత్రి సభలో డోర్సీ రాసిన "ప్రెషస్ లార్డ్" వాయించు, బాగా అందంగా వాయించు అని అడిగాడు. ఆ తర్వాత ఆయన్ని చంపిన కాల్పులే. బెన్ బ్రాంచ్ శాక్సఫోన్ వాయించేవాడు.

సుత్తి_వద్దు | 10:36

...

రెండో_కాఫీ | 10:50

పాప ఎలక్యూషన్ రేపే. ఈ పోస్టులన్నీ చదివి వినిపించా. మొత్తం విని, అయితే ఇప్పుడు చెప్తా, కానీ నేను ఆగిన చోట మీరు ఊ కొట్టాలి, ముందు కాదు వెనక కాదు అని రూల్ పెట్టింది. వాళ్ళమ్మ ఇప్పటికే రెండు సార్లు తప్పు చోట కొట్టి తిట్లు తింది. నన్ను పిలుస్తోంది, వెళ్తున్నా.